రంగు డబ్బా దించండి

శ్రోతలకు నమస్కారం.

రేపు జయంతి అనగా మన ఊళ్ళ కూడళ్ళలో ఒక హడావుడి మొదలవుతుంది. ఒకరు నిచ్చెన వేసుకుని విగ్రహం భుజం దాకా ఎక్కుతారు, కింద నుంచి మరొకరు బంగారు రంగు డబ్బా అందిస్తారు. గంటలో పని పూర్తి. తెల్లవారి దండలు, ఫొటోలు.

నల్లగొండ వైపు ఒక కూడలిలో గాంధీగారి విగ్రహాన్ని ఈమధ్య దగ్గరగా చూశాను. కళ్ళజోడుకూ బుగ్గకూ మధ్య ఉండవలసిన సందు రంగుతో పూడిపోయింది. చెవి దగ్గర పెచ్చు లేచిన చోట బంగారు రంగు, దాని కింద వెండి రంగు, ఆ కింద తెలుపు, మళ్ళీ బంగారు. ముఖంలో ఏ భావమూ లేదు.

ఇలాంటి విగ్రహాల్లో చాలావాటికి లోపల ఇనుప చువ్వలు, పైన సిమెంటు. సన్నని పగులులోంచి వాననీరు చువ్వను చేరితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి సిమెంటును లోపలి నుంచి తోస్తుంది. ముందుగా వేళ్ళూ చేతికర్రా రాలేది అందుకే, అక్కడ సిమెంటు పలచన. మణికట్టు దగ్గర ఎర్రమట్టి రంగు చార కనిపించిందా, లోపల పని మొదలైందన్నమాట. దానిమీద రంగు వేస్తే చార మాయమవుతుంది, తుప్పు మిగులుతుంది. వదులైన సిమెంటు తీసి, చువ్వను శుభ్రంగా గీకి, తుప్పు నిరోధక పూత వేశాకే పూడ్చాలి.

కంచు విగ్రహానిది వేరే కష్టం. ఇంట్లో ఇత్తడి బిందెను చింతపండుతో తోమి మురిసిపోయే జాతి మనది; ఆ చేయి ఊరుకోదు. కానీ కంచు మీది ముదురు గోధుమ పొర మురికి కాదు, చాలాసార్లు శిల్పి కావాలని తెప్పించిందే. పులుపు దాన్ని తినేస్తుంది. పావురాల రెట్టా అంతే. మెత్తని కుంచె, గాఢత లేని సబ్బునీళ్ళు చాలు. మన బోరు నీళ్ళు ఆరితే బకెట్టుకు తెల్లచారలు కడతాయి కదా, విగ్రహానికీ కడతాయి. అందుకని చివరిసారి ఉప్పు లేని నీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, బాగా ఆరాక పలచగా మైనం పూయాలి. ఏడాదికొకసారి అదే చేయాలి.

రాయి మొండిది. మన భువనగిరి దగ్గరి రాయగిరి రాతి నుంచి వచ్చిన హుస్సేన్ సాగర్ బుద్ధ విగ్రహం 1990లో నీటిలో పడి, 1992లో పైకి వచ్చింది. అంతటి రాతినైనా తీగ బ్రష్షుతో రుద్దకూడదు, గీతలు పడతాయి.

పాత రంగు తీయాలంటే ముందు కనపడని మూల అరచేయంత చోట ప్రయత్నించి చూడాలి. ఎక్కడ ఆగాలో తెలియాలంటే పాత ఫొటో ఉండాలి. నేను చెప్పిన విగ్రహం ఎదురుగా టీ దుకాణం గోడకు ఆవిష్కరణ రోజు ఫొటో ఒకటి వేలాడుతోంది. అద్దం తుడిచి చూస్తే కళ్ళజోడు వెనక సన్నని ముడతలు, పెదవి చివర చిన్న వంపు. గాంధీగారు నవ్వుతున్నారు.