సింహాసనం పోయిన రాజవంశం

ప్రియ సహోదరీ సహోదరులారా, అందరికీ వందనాలు.

క్రిస్మస్ దగ్గరపడితే మత్తయి సువార్త తెరుస్తాం. తెరిచి, మొదటి 17 వచనాలు దాటేసి, 18 నుంచి చదువుతాం. ఆ యేసు పూర్వీకుల పేర్ల వరుస మనకు బోరు. మత్తయి మాత్రం కావాలనే దాన్ని ముందు పెట్టాడు. మెస్సీయ, అంటే దేవుడు పంపుతానన్న రక్షకుడు, దావీదు ఇంటివాడై ఉండాలి. ఆ సంగతి తేలకుండా మిగతా కథ వినమంటే యూదులు వింటారా?

ఈ ఆశకు మూలం రెండో సమూయేలు 7వ అధ్యాయం. దేవుడికి మందిరం కడతానని దావీదు ఉబలాటపడ్డాడు. దేవుడు నాతాను ప్రవక్త చేత వేరే కబురు పంపాడు. నువ్వు నాకు ఇల్లు కట్టడం కాదు, నేనే నీ వంశాన్ని నిలబెడతాను, నీ సింహాసనం ఎప్పటికీ స్థిరంగా ఉంటుందన్నాడు.

మనవాళ్లు వంశవృక్షం రాయిస్తే మునసబు చేసిన తాతగారి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. అప్పులు చేసి పారిపోయిన పెదనాన్న పేరు కనబడదు. మత్తయి అలా దాచలేదు. కన్నకొడుకును అగ్నిగుండం దాటించిన ఆహాజు ఉన్నాడు. విగ్రహాలు నిలబెట్టిన చెడ్డ రాజు మనష్షే ఉన్నాడు. యెరికో వేశ్య రహాబు ఉంది. మోయాబీయురాలు రూతు ఉంది. మోయాబీయులు పదో తరం దాకా యెహోవా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండం చెబుతుంటే, రూతు మునిమనవడే దావీదు! ఇక బత్షెబ సంగతి. ఆమె పేరు రాయకుండా "ఊరియా భార్యగా ఉండిన ఆమె" అన్నాడు. దావీదు ఎవరిని చంపించాడో ఆయన పేరు దావీదు వంశావళిలోనే నిలిచిపోయింది.

అసలు చిక్కు యూదా రాజు యెకొన్యా దగ్గర వస్తుంది. ఈయనకే యెహోయాకీను అని మరో పేరు. 18 ఏళ్లకు గద్దెనెక్కి మూడు నెలలు ఏలాడు. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు పట్టుకుపోయాడు. బబులోను శిథిలాల్లో దొరికిన మట్టి పలకల మీద ఈయన పేరుంది. యూదా రాజుకూ, ఆయన ఐదుగురు కొడుకులకూ ఇంత నూనె ఇచ్చామని కొట్టువాళ్లు రాసుకున్న లెక్క అది. దావీదు వారసుడు పరాయి రాజు ఇచ్చే రేషన్ మీద బతికాడన్నమాట. పైగా ఇతని సంతానంలో ఎవడూ దావీదు సింహాసనం మీద కూర్చుని వర్ధిల్లడని యిర్మీయా 22లో శాపం. ఇతను నా చేతి ముద్రయుంగరమైనా సరే వేలినుంచి ఊడదీస్తానన్నాడు దేవుడు. అయితే అతని మనవడు జెరుబ్బాబెలుతో హగ్గయి ప్రవక్త ద్వారా, నిన్ను ముద్రయుంగరంగా చేస్తానని అదే దేవుడు అన్నాడు. నాకు ఈ రెండు మాటలూ పక్కపక్కనే చదవడం ఇష్టం. అయినా జెరుబ్బాబెలు పారసీకుల కింద అధికారే తప్ప రాజు కాలేదు. తర్వాత అబీహూదు, అజోరు, ఆకీము... వీళ్లెవరూ ఏలలేదు. చివరికి నజరేతులో ఒక వడ్రంగి, యోసేపు.

ఆ వడ్రంగి దగ్గర మత్తయి కలం దారి మార్చింది. అప్పటిదాకా ఫలానావాడు ఫలానావాణ్ని కనెను అని వచ్చిన వరుసలో, యోసేపు యేసును కనెను అని మాత్రం లేదు. మరియ యందు యేసు పుట్టెను అని ఉంది. లూకా రాసిన వంశావళి సొలొమోను ద్వారా కాకుండా దావీదు మరో కొడుకు నాతాను (పైన చెప్పిన ప్రవక్త కాదు) ద్వారా వస్తుంది కాబట్టి, అది మరియ వైపుదని చాలామంది బోధకులు చెబుతారు. కావచ్చు గానీ లూకా కూడా రాసింది యోసేపు పేరే. మత్తయి లెక్క ఇంకా సూటిగా ఉంది. దూత యోసేపును "దావీదు కుమారుడవైన యోసేపూ" అని పిలిచి, బిడ్డకు నువ్వే పేరు పెట్టమన్నాడు. యోసేపు పెట్టాడు. పేరు పెట్టి నా కొడుకని ఒప్పుకోవడంతో దావీదు ఇంటి హక్కు ఆ బిడ్డకు దక్కింది.

రక్తం పంచుకోకుండానే రాజు ఇంట్లో వారసుడైన ప్రభువు మన ప్రభువు. రోమా 8లో పౌలు మనం దత్తపుత్రాత్మను పొందామని, క్రీస్తుతోడి వారసులమని రాశాడు. మరి మన సంఘాల్లో పెళ్లి మాటలకు వెళ్తే ముందు ఏం అడుగుతున్నాం? "మీరేమిట్లు?" అంటే ఏ కులమని. బాప్తిస్మం తీసుకుని ముప్పై ఏళ్లయినా, సంఘపెద్ద అయినా ఆ ప్రశ్న తప్పట్లేదు. ఈ ఏడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నవాళ్లు ఉంటే, మత్తయి మొదటి అధ్యాయాన్ని ఒకటో వచనం నుంచి గట్టిగా చదివి, ఆ తర్వాత కబురు పంపండి.