మాత్రలు, కొలెస్ట్రాల్, అసలు చూడాల్సిన అంకె

అందరికీ నమస్కారం. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్లు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించుకుని, ఏదో ఒక అంకె పెరిగిందని టెన్షన్ పడి మాత్ర మానేస్తుంటారు. మానేసే ముందు పెరిగింది ఏమిటో చూడాలి.

ఎక్కువమంది వాడే మాత్రలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు ఉంటాయి. మింగిన మాత్ర పేగుల్లోంచి ముందు లివర్‌కే చేరుతుంది. రక్తంలోకి కొవ్వుల్ని పంపేదీ, వెనక్కి తీసుకునేదీ లివరే కదా. ఈస్ట్రోజెన్ వల్ల అది ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా లాగేసుకుంటుంది. హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వులు కూడా పెరుగుతాయి. ప్రొజెస్టిన్ దీనికి ఎదురు పనిచేస్తుంది, ఎంతన్నది రకాన్ని బట్టి ఉంటుంది. లెవొనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్‌కు పురుష హార్మోన్ గుణం కొంత ఉంది కాబట్టి హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరినోన్ అనే ప్రొజెస్టిన్లు ఉన్న మాత్రలతో హెచ్‌డీఎల్ సాధారణంగా పెరుగుతుంది.

అయితే రెండో రకమే మంచిదా? కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. రక్తం గడ్డకట్టించే పదార్థాల్లో చాలావరకు తయారయ్యేదీ లివర్‌లోనే, మాత్ర ప్రభావం వాటిమీదా పడుతుంది. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2013లో చేసిన సమీక్షలో, లెవొనార్జెస్ట్రెల్ మాత్రలు వాడే 10,000 మందిలో ఏడాదికి 5 నుంచి 7 మందికి సిరల్లో గడ్డలు ఏర్పడతాయని తేలింది. డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరినోన్ మాత్రలతో 9 నుంచి 12 మందికి. హెచ్‌డీఎల్‌ను తగ్గించే మాత్రతోనే గడ్డల ముప్పు తక్కువన్నమాట! రిపోర్టు బాగుందని ధీమాగా ఉండటం నాకు భయం కలిగించే విషయం.

1960లో అమెరికాలో అనుమతి పొందిన ఎనోవిడ్ మాత్రలో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములుండేది. ఇప్పటి మాత్రల్లో ఎక్కువగా 20 నుంచి 35. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మార్పులు చిన్నవే, మాత్ర ఆపితే అవి వెనక్కి తగ్గుతాయి.

ట్రైగ్లిజరైడ్ల సంగతి వేరు. కొన్ని కుటుంబాల్లో ఇవి పుట్టుకతోనే ఎక్కువ. అలాంటివాళ్లలో ఈస్ట్రోజెన్ వాటిని మరీ పెంచేసి క్లోమం వాచేలా చేయొచ్చు. అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. ట్రైగ్లిజరైడ్లు 500 (mg/dL) దాటినవాళ్లు ఈస్ట్రోజెన్ లేని పద్ధతి గురించి డాక్టర్‌ను అడగాలి. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్న మాత్రలు కొవ్వుల జోలికి పెద్దగా పోవు.

మిగతావాళ్లకు మాత్ర మొదలుపెట్టడానికి లిపిడ్ పరీక్ష తప్పనిసరి కాదు. బీపీ మాత్రం చూపించుకోండి. 35 ఏళ్లు దాటి సిగరెట్ తాగే అలవాటున్నా, మైగ్రేన్‌కు ముందు కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నా ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి.