ఒక్క షాపుకి నాలుగు ప్రోగ్రెస్ కార్డులు

[స్క్రీన్ మీద: తెల్ల లేసు టేబుల్ క్లాత్, పక్కన కొరియర్ కవరు]

నమస్తే అండి. ఆన్‌లైన్‌లో విదేశాలకు అమ్మేవాళ్ల పనితీరుకి సైట్లు మార్కులు వేస్తాయి కదా, ఆ రూల్స్ అన్ని దేశాలకూ ఒకటేనా? ఈ రోజు ఒక లెక్కతో మొదలుపెడదాం.

నర్సాపురంలో ఒకావిడ ఉన్నారనుకోండి. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు అల్లిన లేసు టేబుల్ క్లాత్‌లు, దిండు కవర్లు ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో పెట్టి విదేశాలకు అమ్ముతారు. ఏడాదిలో 500 ఆర్డర్లు వచ్చాయి. అందులో ఆరు మాత్రం సరుకు లేక ఆవిడే క్యాన్సిల్ చేయాల్సి వచ్చింది. చేత్తో అల్లే పని కదా, అల్లే మనిషికి జ్వరం వస్తే ముక్క సగంలో ఆగిపోతుంది. 500లో ఆరంటే 1.2 శాతం. సెల్లర్ తప్పు వల్ల ఇలా చెడిన ఆర్డర్లకు ఈబే పెట్టిన హద్దు 2 శాతం. ఇంక టెన్షన్ లేదనే అనుకుంటాం.

[స్క్రీన్ మీద: 6 ÷ 500 = 1.2%. దాని కింద 6 ÷ 200 = 3%]

కానీ ఆ ఆరు ఆర్డర్లు పెట్టిన ఆరుగురూ అమెరికా వాళ్లే. అమెరికాకు వెళ్లిన ఆర్డర్లు మొత్తం 200. రెండొందల్లో ఆరంటే 3 శాతం. దాంతో అమెరికా వరకు ఆవిడ 'బిలో స్టాండర్డ్', అంటే అన్నిటికన్నా కింది స్థాయి సెల్లర్ అయిపోయారు. వేరే దేశాల్లో ఆవిడ పేరుకి ఏ మచ్చా లేదు.

"ఈ పర్ఫార్మెన్స్ రూల్స్ అన్ని దేశాలకూ ఒకటేనా?" అని అడిగేవాళ్లకు నేను ముందు ఈ లెక్కే చూపిస్తాను. ఎందుకంటే హద్దు ఒకటే అయినా, ఆ శాతాన్ని ఎన్ని ఆర్డర్ల మీద లెక్కగట్టారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

ఈబే సెల్లర్ పనితీరును నాలుగు ముక్కలుగా చూస్తుంది. అమెరికా ఒకటి. బ్రిటన్, ఐర్లాండ్ కలిపి ఒకటి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కలిపి ఒకటి. మిగతా ప్రపంచమంతా 'గ్లోబల్' అనే నాలుగోది. మీరు ఎక్కడ కూర్చుని అమ్ముతున్నారన్నది కాదు, కొన్నవాళ్లు ఎక్కడున్నారన్నది చూస్తారు. నాలుగు ప్రోగ్రెస్ కార్డులన్నమాట. ప్రతి నెలా 20వ తేదీన నాలుగింటికీ మార్కులు పడతాయి. గత మూడు నెలల్లో 400 ఆర్డర్లో అంతకు మించో ఉంటే ఆ మూడు నెలలే చూస్తారు, లేకపోతే ఏడాది మొత్తం చూస్తారు. అంటే చిన్న సెల్లర్ చేసిన తప్పు ఏడాది పాటు వెంటాడుతుంది. పెద్ద సెల్లర్‌కి అదే తప్పు మూడు నెలల్లో చెరిగిపోతుంది. దేశాల మధ్య తేడా కన్నా ఈ తేడానే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

లేసు షాపుకే వద్దాం. అమెరికా కార్డులో 'టాప్ రేటెడ్' అనే అన్నిటికన్నా పై స్థాయి రావాలంటే ఏడాదిలో అమెరికా వాళ్లకు కనీసం 100 అమ్మకాలు, 1,000 డాలర్ల వ్యాపారం ఉండాలి. బ్రిటన్ కార్డుకి 100 అమ్మకాలు, 1,000 పౌండ్లు. ఆవిడకు బ్రిటన్ నుంచి వచ్చినవి 50 ఆర్డర్లేననుకోండి. ఒక్క తప్పు లేకుండా పంపినా అక్కడ టాప్ రేటెడ్ రాదు. గ్లోబల్ కార్డులో 230 ఆర్డర్లు బాగా నడిచాయి కాబట్టి అక్కడ రావచ్చు. ఒకే మనిషి, ఒకే లేసు, ఒక చోట అట్టడుగున, ఒక చోట మధ్యలో, ఇంకో చోట పైన.

ఇలా విడగొట్టడం అన్యాయమా అంటే, కాదనే అంటాను. బెర్లిన్‌లో కొనుక్కునేవాళ్లకు బెర్లిన్‌కి పార్సిల్ ఎలా వస్తుందో తెలియాలి. చికాగో సంగతి వాళ్లకు అనవసరం. పైగా ఒక దేశంలో దెబ్బ తగిలితే మిగతా మూడు కార్డులూ నిలబడతాయి.

అమెజాన్ పద్ధతి కూడా దీనికి దగ్గరే. అమెరికా సైటులో, మన ఇండియా సైటులో ఆర్డర్ డిఫెక్ట్ రేటు, అంటే కొన్నవాళ్ల నుంచి ఫిర్యాదు వచ్చిన ఆర్డర్ల శాతం, 1 లోపే ఉండాలి. అంకె ఒకటే, లెక్క మాత్రం ఏ దేశం స్టోరుకి ఆ స్టోరే.

[స్క్రీన్ మీద: పోస్టాఫీసు కౌంటర్, పార్సిల్ మీద బార్‌కోడ్ స్టిక్కర్]

అంకె ఒకటే అయినప్పుడు బరువు కూడా ఒకటేనా? అక్కడ మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది.

ఈ స్టిక్కర్‌ను కొంచెం దగ్గరగా చూడండి. రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర 'ఐ ఎన్' అని రెండు అక్షరాలు. ఆ చివరి రెండూ ఇండియా గుర్తు. కౌంటర్‌లో ఉద్యోగి దీన్ని స్కాన్ చేసిన క్షణమే ఈబే దృష్టిలో మీరు పార్సిల్ పంపినట్టు. మీరు చెప్పిన గడువులో ఆ స్కాన్ పడితే చాలు, తర్వాత దారిలో పార్సిల్ ఆలస్యమైనా 'లేట్ షిప్‌మెంట్' మీ ఖాతాలో పడదు. ఇది చాలా మంచి రూల్. కాకపోతే స్కాన్ పడాలి. మధ్యాహ్నం మూడున్నరకు మూట పట్టుకెళ్తే, నెట్ లేదు, ఇక్కడ పెట్టి వెళ్లండి, రేపు బుక్ చేస్తాం అంటే? మీ వైపు నుంచి పని అయిపోయింది, కంప్యూటర్‌లో మాత్రం కాలేదు. అందుకే రసీదు చేతికొచ్చేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదలొద్దని నేను ప్రతి ఒక్కరికీ చెప్తుంటాను.

ఇంకా పెద్ద దెబ్బ 2025లో తగిలింది. 800 డాలర్ల లోపు సరుకుకి అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపును ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. ఆ సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్నది తేలకపోవడంతో మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు సరుకుల పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. మళ్లీ తెరిచింది అక్టోబర్ 15న. ఏడు వారాలకు పైనే! న్యూజెర్సీలో ఇంట్లోంచి అమ్ముకునే మన తెలుగువాళ్లకు ఆ ఏడు వారాలు మామూలు రోజులే. నర్సాపురం నుంచి పోస్టునే నమ్ముకుని పంపేవాళ్లకు అమెరికా తలుపు మూసుకుపోయింది. ప్రైవేటు కొరియర్‌లో పంపుదామంటే ఛార్జీ లేసు ధరనే మించిపోవచ్చు. చేతిలో ఉన్న ఆర్డర్‌ను పంపలేనని క్యాన్సిల్ చేస్తే అది సెల్లర్ తప్పు కిందకు రావచ్చు. ఇద్దరికీ హద్దు 2 శాతమే. ఆ హద్దు లోపల నిలబడడానికి ఇద్దరూ పడే కష్టం ఒకటి కాదు. ఇలాంటప్పుడు ఆ దారిలో వెళ్లాల్సిన ఆర్డర్లను లెక్కలోంచి ప్లాట్‌ఫామే తనంతట తాను తీసేయాలి. సెల్లర్ బతిమాలుకునే పరిస్థితి రాకూడదు.

[స్క్రీన్ మీద: యూరప్ మ్యాప్, ఐర్లాండ్, స్విట్జర్లాండ్ వేరే రంగులో]

ఇక చట్టాలు. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువులను 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కివ్వొచ్చు. బ్రిటన్‌లోనూ అంతే. అమెరికాలో మనసు మారితే తిరిగిచ్చే హక్కును దేశమంతటికీ ఇచ్చే చట్టం లేదు. దీనికి తోడు 2024 డిసెంబర్ 13 నుంచి యూరోపియన్ యూనియన్‌లో కొత్త ఉత్పత్తి భద్రత నిబంధనలు వచ్చాయి. బయటి దేశం నుంచి వినియోగదారుల వస్తువులు అమ్మాలంటే, వాటికి బాధ్యత వహించే వ్యక్తో సంస్థో ఆ యూనియన్‌లోనే ఉండాలి.

ఇప్పుడు ఆ నాలుగు కార్డులు గుర్తుచేసుకోండి. బ్రిటన్, ఐర్లాండ్ ఒకే కార్డులో ఉన్నాయి. ఐర్లాండ్ యూనియన్‌లో ఉంది, బ్రిటన్ లేదు. జర్మనీ, స్విట్జర్లాండ్ ఒకే కార్డులో ఉన్నాయి. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు. మార్కుల షీటు గీత ఒక చోట, చట్టం గీత ఇంకో చోట. జర్మన్ కార్డులో మార్కులు బాగున్నంత మాత్రాన ఆస్ట్రియాకు పంపే పెట్టె మీద పెట్టాల్సిన వివరాలన్నీ సరిగ్గా ఉన్నట్టు కాదు.

కొన్నిసార్లు ఒక దేశం గట్టిగా నిలబడితే ఆ మేలు అందరికీ అందుతుంది. జర్మనీలో పోటీ వ్యవహారాలు చూసే బుండెస్‌కార్టెల్‌ఆంట్ అనే సంస్థ అమెజాన్ మీద విచారణ పెట్టింది. సెల్లర్ ఖాతాను కారణం చెప్పకుండా ఉన్నట్టుండి మూసేయడం అందులో ఒక ఫిర్యాదు. 2019 జులైలో అమెజాన్ నిబంధనలు మార్చుకోవడానికి ఒప్పుకుంది. మామూలుగా ఖాతా రద్దు చేయాలంటే 30 రోజుల ముందు చెప్పాలి, వెంటనే మూసేస్తే కారణం చెప్పాలి. ఆ మార్పులు జర్మనీ దగ్గరే ఆగలేదు, ప్రపంచంలో మిగతా సెల్లర్లకూ వచ్చాయి. తర్వాత 2020 జులై 12 నుంచి యూరోపియన్ యూనియన్ ఇలాంటి రక్షణలను చట్టంగానే అమల్లోకి తెచ్చింది.

చివరగా, మీరు ఈబేలో అమ్ముతుంటే ఈ నెల 20 లోపు ఒక పని చేయండి. సెల్లర్ డ్యాష్‌బోర్డ్ తెరిచి, ప్రాంతం మార్చి మార్చి నాలుగు కార్డులూ చూడండి. ఎక్కడ ఆర్డర్లు తక్కువో ఆ దేశానికి స్టాక్ చూపించే ముందు ముక్క నిజంగా చేతిలో ఉందా లేదా చూసుకోండి. వంద ఆర్డర్లున్న చోట ఒక్క క్యాన్సిల్ అంటే పూర్తిగా ఒక శాతం. పండక్కి ఊరెళ్తుంటే 'టైమ్ అవే' అనే సెలవు సెట్టింగ్ పెట్టి వెళ్లండి. మీ కార్డుల్లో ఏ ప్రాంతానిది కిందకుందో కామెంట్‌లో రాస్తే, ఆ ప్రాంతం లెక్కతోనే తర్వాతి వీడియో చేస్తాను.