నాలుగు పెట్టెల్లో ఇంగ్లిష్ కవిత్వం: కొనాలా, వద్దా?

నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ పుస్తకం పబ్లిషర్ ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. ధర, పేజీలు, అట్ట సంగతులు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను.

పాత ఇంగ్లిష్ పద్యాలను సత్యం, శీలం, ప్రేమ, పోరు అని నాలుగు భాగాలుగా సర్దారు. నా చిరాకంతా ఇక్కడే! ‘ప్రేమ’ తెరవండి. షేక్‌స్పియర్ 116వ సానెట్ (సానెట్ అంటే పద్నాలుగు పాదాల పద్యం), వెనకాలే 138. మొదటిది సరే, ఇంగ్లిష్ పెళ్లిళ్లలో చదివేది, కాలానికి లొంగని ప్రేమ. మరి రెండోది? నేను చెప్పేదంతా నిజమేనని ప్రియురాలు ఒట్టేస్తుంది. అబద్ధమని తెలిసీ కవి నమ్ముతాడు. ఎందుకూ? తను ఇంకా లోకం తెలియని కుర్రాడినని ఆమె అనుకోవాలి! ఆ వయసు దాటిపోయిందని ఆమెకూ తెలుసు. ఇద్దరూ అబద్ధాలు చెప్పుకుంటూ హాయిగా ఉంటారు. సానెట్లన్నీ పుస్తకంగా వచ్చింది 1609లో అయితే, ఇది 1599లోనే అచ్చయింది. దీన్ని ‘సత్యం’లో పెట్టక ఇంకెక్కడ పెడతారండీ?

కవి రిచర్డ్ లవ్‌లేస్ పద్యాన్ని ‘పోరు’లో పడేశారు. 1649లో అచ్చయిన పద్యం, ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రాజు పక్షాన నిలిచి జైలుకెళ్లిన మనిషి రాసింది. యుద్ధానికి వెళ్తూ ప్రియురాలితో, కొత్త ప్రియురాలి వెంట పడుతున్నా అంటాడు. ఎవరయ్యా అంటే, ఎదురొచ్చే మొదటి శత్రువు! మా ఆయన ఆఫీసు టూర్‌కి వెళ్తూ ఈ మాటంటే సూట్‌కేస్ వీధిలో ఉండేది. చివరికి, గౌరవం అంతకన్నా ఎక్కువ కాకపోతే నిన్ను ఇంతగా ప్రేమించలేనంటాడు. పన్నెండే పాదాలు. పోరు, ప్రేమ, శీలం మూడూ ఉన్నాయి. ఏ పెట్టెలో పడుతుంది?

కవి జార్జ్ హెర్బర్ట్ ఒక్కడే ‘శీలం’లో బుద్ధిగా కూర్చున్నాడు. రోజా, పగలు, వసంతం అన్నీ పోతాయి, శీలమున్న ఆత్మ మాత్రం బాగా ఆరిన కలపలా వంగకుండా నిలుస్తుందంటాడు.

అర్థాలు మాత్రం ఎదుటి పేజీలోనే ఇచ్చారు, దానికి దండం పెట్టాలి. డిగ్రీలో నా పుస్తకానికి నోట్స్ అన్నీ చివర్లో ఉండేవి, రెండు చోట్లా వేళ్లు పెట్టుకుని చదివేదాన్ని.

అయినా సరే, డబ్బు పెట్టి కొనమని చెప్పలేను. పరీక్షలకు చదివేవాళ్లు లైబ్రరీలో దొరికితే తీసుకోండి. భాగాల పేర్లు మాత్రం చూడకండి.