ఇంటిపేరు బంగారస్

అందరికీ నమస్కారం.

పోయిన వర్షాకాలం మా వీధి చివరింట్లో పాము దూరిందని కబురొచ్చింది. నేను వెళ్లేసరికే కొట్టి చంపేసి న్యూస్‌పేపర్ మీద పెట్టారు. ముదురు గోధుమరంగు ఒళ్లు, అడ్డంగా తెల్లటి చారలు. "కట్లపామేనండీ, పిల్లలు కింద పడుకునే గది" అన్నారు ఆ ఇంటాయన. ఆయన చేతులు ఇంకా వణుకుతున్నాయి.

వంగి చూశాను. చారలు మెడ దగ్గర కొట్టొచ్చినట్టు ఉన్నాయి, తోకకేసి పోయేకొద్దీ చెదిరిపోయాయి. కట్లపాముకు ఇది తిరగబడి ఉంటుంది: తలవైపు చారలు ఉండీలేనట్టు, తోకవైపు స్పష్టంగా. పుల్లతో కదిపి వెన్ను చూశాను. కట్లపాముకైతే వెన్ను పొడుగునా ఒక వరుస పొలుసులు మిగతావాటికన్నా పెద్దగా, ఆరు పలకలుగా ఉంటాయి. దీనికి ఆ వరుస లేదు. చచ్చిపోయింది లైకోడాన్ ఆలికస్. లైకోడాన్ అంటే తోడేలు పన్ను అని అర్థం. మనిషికి ప్రమాదం లేనిది, బల్లుల్ని తిని బతికేది.

చారలున్న ప్రతి పామూ మన నోట కట్లపామే. ఇంకోవైపు, ఒక ఊరి రక్తపింజర పక్క ఊళ్లో పొడపాము. ఈ చిక్కు ప్రపంచమంతటా ఉంది. అందుకే స్వీడన్‌కు చెందిన శాస్త్రవేత్త లినేయస్ ప్రతి జీవికీ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరిచాడు. జంతువుల పేర్లకు 1758లో వచ్చిన ఆయన పుస్తకం పదో కూర్పే మొదలు. మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. మన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, మనమూ ఇంటిపేరు ముందు రాసుకుని తర్వాత పేరు రాస్తాం.

కట్లపాము శాస్త్రీయ నామం బంగారస్ సెరూలియస్. అవును, ఆ బంగారస్ మన 'బంగారు'లోంచి వచ్చిందే! పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు 1781లో విశాఖపట్నం వచ్చాడు. కోరమండల్ తీరం పాముల మీద 1796లో ఆయన వేసిన పుస్తకంలో పాములకు ఇక్కడివాళ్లు పిలిచే పేర్లే ఉన్నాయి. రక్తపింజర అందులో 'కాటుక రేకుల పొడ'. దాని ఒంటి మీది నల్లంచు మచ్చలు చూసినవాళ్లకు ఆ పేరు ఎంత ముచ్చటైనదో తెలుస్తుంది. పసుపు, నలుపు పట్టీలున్న ఇంకో పాముకు 'బంగారు పాము' అని రాసుకున్నాడు. ఆ మాటనే 1803లో ఫ్రాన్స్‌లో దౌదాఁ అనే శాస్త్రవేత్త ప్రజాతికి పేరుగా తీసుకున్నాడు.

మరి మన కట్లపాము మీద బంగారు రంగు ఏది? లేదు. సెరూలియస్ అంటే నీలివన్నెది. ఇంటిపేరు చెప్పేది రంగును కాదు, చుట్టరికాన్ని. విశాఖలో దొరికిన కట్లపాము ఆధారంగా 1801లో ష్నైడర్ అనే శాస్త్రవేత్త దీన్ని సూడోబోవా సెరూలియా అన్నాడు. తర్వాత అది బంగారస్ ఇంట చేరింది. పెళ్లయి ఇంటిపేరు మారినా అమ్మాయి పేరు మారదు చూడండి, అలాగే మొదట పెట్టిన జాతి పేరు నిలిచింది, లాటిన్ వ్యాకరణం కోసం చివరి అక్షరం మాత్రం మారింది.

ఈ చుట్టరికం ప్రాణాలతో ముడిపడిన సంగతి. కట్లపాము, నాగుపాము ఒకే కుటుంబం, వాటి విషం ముఖ్యంగా నరాల మీద పనిచేస్తుంది. రక్తపింజర వేరే కుటుంబం, దాని విషం నెత్తురు గడ్డకట్టే తీరును చెడగొడుతుంది. మన దేశంలో వాడే విరుగుడు మందు ఈ మూడింటితోపాటు చిన్నపింజర విషానికి తయారుచేసింది. రక్తపింజరలో ఆగ్నేయాసియా, తూర్పు ఆసియాల్లో ఉండే రకాన్ని ఇప్పుడు వేరే జాతిగా లెక్కిస్తున్నారు. ఒక దేశంలో తయారైన మందు ఇంకో దేశపు పాముకు పనిచేస్తుందా అని అడగాలంటే ముందు అది ఏ జాతో తేలాలి కదా.

ఇప్పుడు తెర మీద రెండు పాముల ఫొటోలు వేస్తున్నాను. చారల్ని కాసేపు పక్కన పెట్టండి. వెన్ను మధ్య వరుస చూసి, ఏది బంగారస్సో మీరే చెప్పండి.