సరుగుడు తుక్కు, చిర్ సూదులు
(అంబాజీపేటలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, రైతు సోదరులకు, అక్కచెల్లెళ్ళకు, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

ఈ బల్ల మీద మూడు వస్తువులు పెట్టాను. ఒకటి సరుగుడు రెమ్మ, నిన్న ఓడలరేవు దగ్గర తెంపింది. రెండోది కడియం నర్సరీలో కొన్న కుండీ మొక్క. మనం క్రిస్మస్ చెట్టు అంటాం, దాని పేరు అరకేరియా. మూడోది హిమాలయాల్లో, ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల నుంచి తెచ్చుకున్న చిర్ పైన్ కాయ. చిర్ చెట్టునీ సరుగుడునీ పక్కపక్కన చూస్తే ఎవరైనా అన్నదమ్ములనే అంటారు. రెంటికీ సూదుల్లాంటి ఆకులు. గాలి వీస్తే రెంటి దగ్గరా ఒకటే హోరు. కానీ సరుగుడు పూలు పూసే చెట్టు. దానికి మనం ఆకు అనుకునేది నిజానికి సన్నని పుల్ల. అసలు ఆకులు ఆ పుల్ల కణుపుల దగ్గర చిన్న చిన్న పొలుసుల్లా ఉంటాయి. పైన్‌కి నిజమైన చుట్టం ఆ కుండీలో ఉన్న అరకేరియా. ఈ జాతికి పువ్వూ లేదు, పండూ లేదు. విత్తనం పొలుసు మీద బోడిగా కూర్చుంటుంది. పుస్తకాల్లో శృంగాకార వృక్షాలు అంటారు. నేను సూదాకు చెట్లు అంటాను.

కొండ అన్నది కనపడని ఊళ్ళో హిమాలయాల కొండ అడవుల గురించి ఎందుకని కొందరు నన్ను ముందే అడిగారు. న్యాయమైన ప్రశ్న. మన గోదావరి త్రయంబకం దగ్గర పుట్టింది. దానిలో హిమాలయాల మంచు నీరు చుక్క కూడా లేదు. అందుకని ఆ అడవులు పోతే మన కాలవలు ఎండిపోతాయని చెప్పి మిమ్మల్ని భయపెట్టను. నేను ఆ కొండల్లో పదకొండేళ్ళు పనిచేశాను. అక్కడ నాకు అర్థంకాని సంగతి ఒకటి, ఇక్కడ మా అమ్మమ్మ సరుగుడు తోటలో చీపురు పట్టుకుని తుక్కు ఊడ్చడం గుర్తుకొచ్చినప్పుడు అర్థమైంది. అది చెప్పడానికి వచ్చాను.

ముందు ఈ సూదాకు చెట్టు ఎలా బతుకుతుందో చూద్దాం. మన బోరు మోటారుకి గాలి పట్టేస్తే నీళ్ళు ఎక్కవు కదా. చెట్టుకీ అదే బాధ. చలికి కాండంలో నీరు గడ్డకట్టి, మళ్ళీ కరిగేటప్పుడు గాలి బుడగలు పుడతాయి. వెడల్పు గొట్టాలున్న చెట్టులో ఆ బుడగ నీటి ధారను తెంపేస్తుంది. సూదాకు చెట్లకి వెడల్పు గొట్టాలుండవు, చాలా సన్నటి కణాల వరసలుంటాయి. బుడగ అక్కడ పెద్దది కాలేదు, తిరిగి నీటిలో కరిగిపోతుంది. ఆకు సన్నగా, మైనం పూత పూసినట్టు ఉంటుంది కాబట్టి నీరు తక్కువ ఖర్చవుతుంది. పై ఎత్తుల్లో పెరిగే ఫర్, స్ప్రూస్ చెట్లు గోపురంలా వాలుగా ఉంటాయి, మంచు జారిపోతుంది. గాయమైతే జిగురు ఊరుతుంది. ఈ జిగురు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పశ్చిమ హిమాలయంలో కొండ ఎక్కుతూ పోతే చెట్లు వంతులు మార్చుకుంటాయి. సుమారు 600 మీటర్ల నుంచి 2,000 మీటర్ల పైవరకూ చిర్ పైన్, దాన్నే సంస్కృతంలో సరళ అన్నారు. దాని పై అంచుల్లో, తేమ వాలుల్లో బాంజ్ అనే ఓక్ చెట్టు. ఇంకా పైకి దేవదారు, బ్లూ పైన్. ఆపైన స్ప్రూస్, ఫర్. చిర్‌కి ఒక గుత్తిలో మూడు సూదులు, బ్లూ పైన్‌కి అయిదు. లెక్కపెడితే చాలు, గుర్తుపట్టేయొచ్చు.

ఇవాళ ఎక్కువసేపు చిర్ దగ్గరే ఉంటాను. దాని సూదులు ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాలతాయి, అంటే సరిగ్గా ఎండలు మండే రోజుల్లోనే. జారుడుగా, మెత్తగా, జేగురు రంగులో నేలంతా పరుచుకుంటాయి. కుమావూ, గఢ్‌వాల్‌లలో వాటిని పిరూల్ అంటారు. నిండా జిగురు పదార్థం కాబట్టి అగ్గిపుల్ల చాలు. ఆ నిప్పుకి చిర్ చెట్టు పెద్దగా బెదరదు. బెరడు మందం, నేల మీద పాకే మంట కింద కాల్చి పోతుంది. పైగా కాలిన నేల మీద దాని విత్తనం బాగా మొలుస్తుంది. దెబ్బతినేది పక్కనున్న బాంజ్, దేవదారు. బాంజ్ నీడలో నేల తేమగా ఉంటుంది. పశువుకి మేత, పొయ్యికి కట్టె, ఊరికి ఊట నీరు. అక్కడివాళ్ళు రాళ్ళు పేర్చి కట్టుకున్న ఊట గుంటల్ని నౌలా అంటారు. మంట పదే పదే వస్తే బాంజ్ వెనక్కి తగ్గి, ఆ చోటు చిర్‌దవుతుంది. చిర్ పెరిగితే పిరూల్ పెరుగుతుంది, పిరూల్ పెరిగితే మంట పెరుగుతుంది.

మరి పూర్వం ఈ మంటలు లేవా అంటే, ఉన్నాయి. ఊరివాళ్ళే కొత్త గడ్డి కోసం వాలులు కాల్చేవారు. కానీ ఆ పిరూల్‌ని ఆడవాళ్ళు ఊడ్చి, తట్టలకెత్తి, పశువుల కొట్టంలో పరిచేవారు. పేడతో కలిసి అది ఎరువై పొలానికి పోయేది. మా అమ్మమ్మ తుక్కు ఊడ్చింది పొయ్యిలోకి, వాళ్ళు ఊడ్చింది పశువుల కిందికి. అంతే తేడా. రెండు చోట్లా చీపురు కదిలినంత కాలం నేల మీద మంటకి మేత మిగల్లేదు. ఇప్పుడు మన తీరంలో గ్యాస్ బండ వచ్చింది, అక్కడ ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయ్యాయి. కొడుకులు ఢిల్లీకో డెహ్రాడూన్‌కో పోయారు, పశువులు తగ్గాయి. పిరూల్ మాత్రం ఏటా రాలుతూనే ఉంది.

కొండల్లో ఆ చీపురుని మొదట ఆపింది మాత్రం గ్యాస్ బండా కాదు, వలసా కాదు. రైలు స్లీపర్లకు దేవదారు కావలసి వచ్చి, తర్వాత చిర్ జిగురు నుంచి టర్పెంటైన్, రోసిన్ తీయడం లాభమై, బ్రిటిష్ ప్రభుత్వం ఆ అడవుల్ని రిజర్వు చేసింది. 1911 నుంచి 1917 మధ్య కుమావూలో మిగిలిన అడవి చాలావరకు రిజర్వులోకి పోయింది. మేత మీద, గడ్డి కాల్చడం మీద ఆంక్షలు పెట్టారు. 1921 వేసవిలో జనం తిరగబడి అడవులు కాల్చారు. కాల్చింది ఎక్కువగా సర్కారుకి డబ్బు తెచ్చే చిర్ అడవుల్ని. తమకి పనికొచ్చే బాంజ్ జోలికి పెద్దగా పోలేదు. వాళ్ళది గుడ్డి కోపం కాదని నాకు ఈ ఒక్క సంగతితోనే నమ్మకం కుదిరింది. ఆ తర్వాత 1931లో వన పంచాయతీల నియమాలు వచ్చాయి. ఊరు తన అడవిని తానే చూసుకునే ఆ ఏర్పాటు ఉత్తరాఖండ్‌లో ఇప్పటికీ ఉంది.

ఇక మేం చేసిన తప్పు చెప్పాలి. నేను పనిచేసిన పథకంలో ఒక బోడి వాలు మీద చిర్ ఒక్కటే నాటాం. త్వరగా పెరుగుతుంది, లెక్క చూపించడం సులువు. చుట్టూ కంచె వేసి గడ్డి కూడా కోసుకోనివ్వలేదు. కింద ఊళ్ళో ఒక పెద్దావిడ, మధ్యమధ్యలో బాంజ్ వేయండి, చలికాలం గడ్డి మమ్మల్ని కోసుకోనివ్వండి అని రెండుసార్లు వచ్చి అడిగింది. మేం వినలేదు. అయిదో ఏడు మే నెలలో ఆ తోట ఒక్క మధ్యాహ్నంలో కాలిపోయింది. ఆర్పడానికి ఊళ్ళోంచి ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? అందులో వాళ్ళది ఏముందని? ఆ రాత్రే నాకు మా అమ్మమ్మ చీపురు గుర్తుకొచ్చింది.

ఇది మన దేశపు పొరపాటు మాత్రమే కాదు. అమెరికాలో 1910లో ఐడహో, మోంటానా కొండల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు కాలాయి. ఆ భయంతో మంట అన్నదాన్నే పడనివ్వకూడదనుకున్నారు. 1935లో నియమం పెట్టారు: ఎక్కడ మంట కనపడినా మర్నాడు ఉదయం 10 గంటలకల్లా అదుపులోకి తేవాలి. కొన్ని దశాబ్దాలు చాలావరకు గెలిచారు కూడా. కానీ పాండెరోసా పైన్ అడవులు అంతకుముందు కొన్నేళ్ళకోసారి నేల మీద చిన్నగా కాలి శుభ్రపడేవి. అది ఆగిపోయి చిన్న చెట్లు గుబురుగా పెరిగాయి. ఆ తర్వాత అంటుకున్న మంట నేల మీద ఆగలేదు, ఆ చిన్న చెట్లను నిచ్చెనలా పట్టుకుని కొమ్మల చివర దాకా ఎక్కింది.

కెనడాలో బ్రిటిష్ కొలంబియాది ఇంకో రకం దెబ్బ. అక్కడ లాడ్జ్‌పోల్ పైన్ అడవిలో బియ్యపు గింజంత పురుగు, మౌంటెన్ పైన్ బీటిల్, బెరడు కిందకి దూరుతుంది. చెట్టు జిగురు కార్చి దాన్ని బయటికి తోస్తుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఈ జిగురే. పురుగులు వేలల్లో వస్తే జిగురు చాలదు. పురుగు తనతో తెచ్చే బూజు నీటి దారుల్ని మూసేస్తుంది. తీవ్రమైన చలి పడితే పిల్లపురుగులు చచ్చేవి. చలికాలాలు మెత్తబడ్డాయి. మంటలు ఆపడం వల్ల ఒకే వయసు ముసలి చెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. 1990ల చివర నుంచి ఆ పురుగు 1 కోటి 80 లక్షల హెక్టార్లకు పైగా పాకింది. మన ఆంధ్రప్రదేశ్ మొత్తం విస్తీర్ణం 1 కోటి 63 లక్షల హెక్టార్లు.

కొబ్బరి రైతుకి ఇది వివరించక్కర్లేదు. సర్పిలాకార తెల్లదోమ మన మట్టల కింద చేరి ఆకుల్ని మసిబట్టించినప్పుడు, తోట పక్క తోట అంతా కొబ్బరే కావడం దానికి ఎంత కలిసొచ్చిందో మీరు చూశారు. ఇక్కడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో మిత్రపురుగుల్ని పెంచి ఇస్తున్నారు, మంచి పని. 1996 నవంబరు తుఫానులో పడిపోయిన చెట్ల చోట మళ్ళీ దింపు తీయడానికి మన ఇళ్ళలో ఎన్నేళ్ళు ఆగామో పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. దేవదారు, చిర్ అడవుల్లో కోతకు వందేళ్ళ పైమాటే. నాటినవాడు దింపు చూడడు.

నరకడం ఆపేస్తే అన్నీ సర్దుకుంటాయని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. 1974 మార్చి 26న గఢ్‌వాల్‌లోని రేణి గ్రామంలో గౌరాదేవి, ఆమె వెంట ఊరి స్త్రీలు అడవిలోకి వెళ్ళి కోతని ఆపారు. ఆ చిప్కో ఉద్యమం ఫలితంగా 1981లో, అప్పటి ఉత్తరప్రదేశ్ కొండల్లో 1,000 మీటర్ల పైన పచ్చని చెట్లని వ్యాపారానికి కొట్టడం ఆగింది. ఆ నిషేధం ఆనాడు తప్పనిసరి, నాకు సందేహం లేదు. కానీ కాగితం మీద నిషేధం పిరూల్‌ని ఊడ్చదు. ఊటల దగ్గర చొరబడుతున్న చిర్‌ని పలచన చేసి బాంజ్‌కి చోటివ్వాలన్నా అదే నిషేధం అడ్డొచ్చేది. నా ఉద్దేశంలో ఎత్తు చూసి కాదు, వాలు చూసి, ఊరు చూసి నిర్ణయించాలి.

2016 ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరాఖండ్ మంటలకి వైమానిక దళం హెలికాప్టర్లు భీమ్‌తాల్ చెరువు నీళ్ళు మోసి పోశాయి. 2024 జూన్‌లో బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పబోయిన అటవీ సిబ్బందిలో నలుగురు అక్కడికక్కడే చనిపోయారు. ఆ వేసవిలోనే రాష్ట్ర ప్రభుత్వం పిరూల్ తెచ్చిస్తే కిలోకి 50 రూపాయలిస్తామని ప్రకటించింది. మా అమ్మమ్మ చేసిన పనికి ఇవాళ ధర కట్టారన్నమాట. ఆ డబ్బు ఊడ్చినవాళ్ళ చేతికి సమయానికి అందితేనే చీపురు కదులుతుంది. దానితోపాటు, ఎండలు ముదరకముందే తేమ ఉన్న రోజు చూసి, మంట దాటకుండా ఖాళీగా ఉంచే అగ్ని రేఖల వెంట నేలని కొంచెం కొంచెం కాల్చి ఉంచాలి. జిగురు తీసే గాటు లోతుగా పడకూడదు. గాటు మీద గడ్డకట్టిన జిగురు మంటకి వత్తిలా పనిచేస్తుంది. మంటని తట్టుకునే చిర్ కూడా ఆ గాటు దగ్గరే కాలి విరుగుతుంది.

పిల్లలూ, ఇప్పుడు బల్ల దగ్గరికి రండి. భూతద్దం తెచ్చాను. సరుగుడు పుల్లని కణుపు దగ్గర విరిచి, చుట్టూ ఎన్ని పొలుసులున్నాయో లెక్కపెట్టండి. చిర్ కాయ పొలుసుల్ని వేలితో పైకెత్తి చూడండి. ఈ కాయ పండడానికి రెండేళ్ళు పట్టింది. లోపల రెక్కతో ఉన్న విత్తనం ఒకటో రెండో ఇంకా మిగిలి ఉండాలి.