చూసినవాళ్లు చేయగలిగింది

శ్రోతలకు నమస్కారం.

అనంతపురంలో సాయంత్రం కాలేజీలు వదిలే వేళ. బస్టాపులో ఒక అబ్బాయి ఒక అమ్మాయికి మరీ దగ్గరగా నిలబడి ఫోన్ నంబరు అడుగుతుంటాడు. ఆ పిల్ల బ్యాగును గుండెలకు అదుముకుని వెనక్కి జరుగుతుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లందరికీ కనబడుతూనే ఉంటుంది. ‘మనకెందుకులే, తెలిసినవాళ్లేమో’ అని మొహం తిప్పుకుంటారు.

వాళ్లంతా చెడ్డవాళ్లని నేననను. అడ్డుపడాలంటే కొట్లాటకు దిగాలనుకుంటారు, అందుకే జంకు. ఒక క్లాస్‌మేట్ నేరుగా వెళ్లి, ‘‘పాపా, నీకోసం యాడంతా వెతుకుతాండా! ల్యాబ్ రికార్డు ఇస్తానంటివి కదా, రా పోదాం’’ అని పక్కకు పిలుచుకుపోతే చాలు. ఆ అబ్బాయితో ఒక్క మాటా పెట్టుకోనక్కర్లేదు. అంత ధైర్యం చాలకపోతే కండక్టర్‌కో, లెక్చరర్‌కో చెప్పాలి. అదీ కుదరకపోతే తర్వాతైనా ఆమె దగ్గరికి వెళ్లి, ‘‘నేను చూసినా. కంప్లైంట్ ఇస్తానంటే నీతో పాటు వస్తా’’ అనాలి. ‘ఆ టైంలో అక్కడెందుకున్నావ్’ అని మాత్రం దయచేసి అడగొద్దు.

హాస్టల్ గదిలో ఎవరో ఒక అమ్మాయి ఫొటో చూపించి నవ్విస్తుంటే, ‘‘డిలీట్ చెయ్ రా’’ అని స్నేహితుడే అనాలి. పోలీసు మాటకన్నా ముందు ఆ మాట పనిచేస్తుంది.

ఇదంతా కాలేజీలో మొదలయ్యేది కాదు. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే ‘ఇంట్లో చదువుకోండి’ అని పేజీలు తిప్పేసే బళ్లున్నాయి. ఇంట్లో చెప్పేవాళ్లుండరు. ఇక ఫోన్ నేర్పుతుంది, ‘వద్దు’ అంటే బెట్టు చేస్తోందని. మౌనం అర్ధాంగీకారం అంటారు మన పెద్దలు. ఈ ఒక్క విషయంలో అది నూటికి నూరుపాళ్లు తప్పు. భయానికి ఒళ్లు బిగుసుకుపోయి నోరు పెగలదు, అది ఒప్పుకోవడం కాదు. ఈ సంగతి అబ్బాయిలకూ అమ్మాయిలకూ కలిపి, సిగ్గుపడకుండా చెప్పాలి.

వద్దన్నా మళ్లీ మళ్లీ వెంటపడడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం, ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ 2015లో తెచ్చిన నిబంధనల ప్రకారం కాలేజీల్లో ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో 3 నెలల వరకు గడువివ్వొచ్చు. బాధితురాలు ఇవ్వలేని స్థితిలో ఉంటే స్నేహితులు, తోటి విద్యార్థులు కూడా ఇవ్వొచ్చు. అప్పటికప్పుడు సాయం కావాలంటే 112, మహిళలకు 181.

రేపు కాలేజీకి వెళ్లినప్పుడు నోటీసు బోర్డు చూడండి. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు లేకపోతే నలుగురు కలిసి ప్రిన్సిపాల్‌ని అడగండి. సెలవు.